గురి కుదిరే పిస్టల్ ఏది?

ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో. కళ్లకు మామూలు కళ్లజోడు. ఒంటిమీద ఓ టీషర్టు. కుడిచేత్తో పిస్టల్ ఎత్తాడు, పేల్చాడు, దించాడు. వెండి పతకం పట్టుకుపోయాడు. 2024 జులై 30న పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ నిలబడ్డ తీరు చూసి ప్రపంచమంతా ముచ్చటపడింది. 51 ఏళ్ల మనిషి, పక్కింటి బాబాయి కూరగాయలకని బయల్దేరి దారిలో ఒలింపిక్స్‌కి వచ్చినట్టున్నాడు! ‘సరంజామా ఏమీ లేకుండానే కొట్టేశాడే’ అన్నారు జనం. అన్నట్టు, అదే పోటీలో మన మను బాకర్, సరబ్‌జోత్ సింగ్ జోడీ కొరియాను 16-10తో ఓడించి కాంస్యం గెలిచింది.

సరంజామా లేదన్న మాట సగమే నిజం. ప్రత్యేకమైన లెన్సులూ, కంటికి అడ్డం పెట్టుకునే మూతలూ ఆయన వాడలేదు. కానీ చేతిలో ఉన్నది మాత్రం అచ్చమైన పోటీ పిస్టల్. గురి కోసమే కంపెనీవాళ్లు తయారుచేసిన యంత్రం. ఆ ఒక్కదాంట్లో ఆయనైనా, మనూ అయినా, హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ అయినా రాజీపడరు.

ఇక్కడే మన ఇళ్లలో అసలు కథ మొదలవుతుంది. పిల్లో పిల్లాడో రేంజ్‌కి వెళ్లి నాలుగు రోజులు పెల్లెట్లు కాల్చి వస్తారు. ‘నాన్నా, నాకు సొంత పిస్టల్ కావాలి’ అంటారు. నాన్న ధర వాకబు చేస్తాడు. పేరున్న కంపెనీ ఎయిర్ పిస్టల్ సుమారు లక్షన్నర దగ్గర మొదలై పైపైకి పోతోందని తెలుస్తుంది. స్కూటర్ అనుకున్నది కాస్తా దాదాపు సెకండ్‌హ్యాండ్ కారై కూర్చుంటుంది! అప్పో సప్పో చేసి కొనాలా, ఆగాలా? కొంటే ఏది? ఛాంపియన్ చేతిలో ఉన్నదేనా?

లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లోనే పెరిగాడు. కొడుక్కి మంచి రైఫిల్ కొనడానికి వాళ్ల నాన్న ఉన్న స్థలం అమ్మేశారన్న సంగతి 2012లో ఆ పతకం వచ్చాక పత్రికలన్నీ రాశాయి. చదివి కళ్లు చెమర్చిన తల్లిదండ్రులు ఎందరో. అయితే స్థలం అమ్మి కొన్న ప్రతి తుపాకీ వెనకా ఓ ఒలింపిక్ పతకం ఉండదు కదా. పైగా ఈ ఆటలో డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన పాయింట్లు పెరగవు. సరిపోని పిస్టల్ కొంటే తగ్గుతాయి కూడా.

చొక్కా బొత్తాం... పది మీటర్ల దూరం

ముందు ఆట సంగతి. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో అరవై షాట్లు కొట్టాలి. గంటా పదిహేను నిమిషాలు సమయం. ఒంటి చేత్తోనే పట్టుకోవాలి, మోచేతికి గానీ మణికట్టుకు గానీ ఎలాంటి ఆసరా ఉండకూడదు. ఎదురుగా ఉండే లక్ష్యంలో పది పాయింట్లిచ్చే వలయం అడ్డంగా కొలిస్తే 11.5 మిల్లీమీటర్లు. అంటే చొక్కా బొత్తామంత. దాన్ని పది మీటర్ల అవతల పెట్టి, కిలో బరువున్న వస్తువును చేయి చాపి పట్టుకుని, ఊపిరి తీసుకుంటూ, గుండె కొట్టుకుంటూనే కొట్టాలి.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. పిస్టల్ ముందు భాగంలో ఓ పలక, వెనక ఓ గాడి ఉంటాయి. గాడి మధ్యలో పలక నిలవాలి. ఈ రెంటి మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. గాడిలో పలక ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. పది మీటర్ల అవతల ఆ తేడా ముప్ఫై మిల్లీమీటర్లవుతుంది. పది రావాల్సిన చోట ఏడు వస్తుంది. ఒక్క మిల్లీమీటరుకు మూడు పాయింట్లు!

కాబట్టి పిస్టల్‌ని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అది ఎంత సూటిగా కొడుతుందన్నది కాదు. కొత్త పోటీ పిస్టల్ పెట్టెలో ఓ చిన్న కాగితం కూడా ఉంటుంది. కంపెనీవాళ్లు పిస్టల్‌ని కదలకుండా బిగించి అయిదారు పెల్లెట్లు కాల్చి చూపించిన కాగితం. అన్నీ ఒకే రంధ్రంలోంచి పోయినట్టు ఉంటాయి. స్టెయర్ అయినా, వాల్తర్ అయినా, పదేళ్ల కిందటి మోడల్ అయినా అంతే. ఆ పని అవన్నీ చేస్తాయి. తేడా అంతా దాన్ని బిగించిన ఇనప పట్టీ స్థానంలో మన చెయ్యి వచ్చాకే.

జాతర తుపాకీ కాదిది

జాతరలో బుడగలు కొట్టే తుపాకీ తెలుసుగా. సూటిగా చూసి కొడితే బుడగ పగలదు, ఎటో చూసి కొడితే పక్కది పగులుతుంది. లోపల ఓ స్ప్రింగు ఉంటుంది, వదలగానే అది ముందుకు దూకి తుపాకీ మొత్తాన్నీ కుదిపేస్తుంది. మార్కెట్లో నాలుగైదు వేలకు దొరికే ఎయిర్ పిస్టళ్లు చాలావరకూ ఈ జాతివే. పోటీలకు పనికిరావు. పిల్లల సరదాకని కొనిపెట్టేవాళ్లూ ఉన్నారు గానీ, అది ఆటవస్తువు కాదు. దాని పెల్లెట్ కన్ను పోగొట్టగలదు.

పోటీ పిస్టళ్లలోనూ ఒకప్పుడు స్ప్రింగువే రాజ్యమేలాయి. జర్మనీ కంపెనీ ఫైన్‌వెర్క్‌బావ్ అరవయ్యో దశకంలో తెచ్చిన ‘మోడల్ 65’ పిస్టల్ కుదుపు తెలియకుండా చేసే ఏర్పాటుతో ఏళ్ల తరబడి ఏలింది. ఆ తరవాత ప్రతి షాటుకీ లివర్ లాగి గాలి నింపుకొనేవి వచ్చాయి. రష్యావారి ‘ఇజ్-46’ ఆ కోవలోదే. సిలిండర్ గొడవ లేదు, ధరా తక్కువ. అందుకే మన రేంజ్‌లలో ఎందరో దాంతోనే ఓనమాలు దిద్దారు. కాకపోతే అరవై షాట్లకు అరవై సార్లు, ముందు సరిచూసుకునే షాట్లకు మరికొన్నిసార్లు లివర్ లాగాలి. గురిపెట్టాల్సిన చెయ్యి కాస్తా పంపు కొట్టీ కొట్టీ అలసిపోతుంది.

ఇప్పుడు పోటీల్లో కనిపించేవన్నీ సిలిండర్‌వి. గొట్టం కింద సన్నటి సిలిండర్, అందులో 200 బార్ల ఒత్తిడితో గాలి. కారు టైర్లో ఉండే గాలికి దాదాపు తొంభై రెట్లు. ఒకసారి నింపితే నూట యాభై షాట్ల వరకూ వస్తాయి. ఆస్ట్రియా నుంచి స్టెయర్, స్విట్జర్లాండ్ నుంచి మోరిని, ఇటలీ నుంచి పార్డిని, జర్మనీ నుంచి ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్. రేంజ్‌లో ఏ వరస చూసినా ఈ అయిదు పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి.

వీటిలో ఏది గొప్పదీ అంటే... ఏదీ కాదు. అన్నిటితోనూ పతకాలు వచ్చాయి.

కళ్లు మూసుకుని చూడండి

గొప్పది లేదు గానీ, మీ చేతికి సరిపోయేది మాత్రం ఉంటుంది. అది తెలియాలంటే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పైసా ఖర్చు లేదు.

పిస్టల్‌ని చేతిలో సరిగ్గా కుదుర్చుకోండి. లోపల పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన దిక్కుకు తిరగండి. కళ్లు మూసుకోండి. చేయి మెల్లగా పైకెత్తి, ఎప్పుడూ ఆపే ఎత్తులో ఆపండి. రెండు మూడు క్షణాలాగి కళ్లు తెరవండి. ముందు పలక వెనక గాడి మధ్యలో ఉందా? ఉంటే ఆ గ్రిప్ మీ చేతికి నప్పింది. ఎడమకో కుడికో జరిగి ఉందా? పైకి లేచిందా, కిందికి వాలిందా? అయితే ప్రతి షాటుకీ మీ మణికట్టు ఆ తేడాను తనంతట తాను సవరించుకోవాలి. మొదటి పది షాట్లకు సవరిస్తుంది. నలభయ్యో షాటు దగ్గర అలసిపోయి వదిలేస్తుంది. ‘మొదట్లో బాగా కొట్టాడు, చివర్లో ఏమైందో’ అని తల్లిదండ్రులు తల పట్టుకునే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఇంత చిన్నది.

పోటీ పిస్టల్ గ్రిప్ చెక్కతో చేసిన ఓ అచ్చులాంటిది. వేళ్లకు గాడులు, బొటనవేలికి ఓ గూడు, అరచేతి కింద పైకీ కిందికీ జరిపే మెట్టు. కంపెనీలు దాన్ని మరీ చిన్నది, చిన్నది, మధ్యస్థం, పెద్దది అని సైజుల్లో ఇస్తాయి. చెప్పుల్లాగే. ఎడమచేతి వాటం వాళ్లకు వేరే గ్రిప్. ఇంత పట్టింపు ఉన్న వస్తువును ‘ఫలానా ఛాంపియన్ వాడుతోంది’ అని ఫొటో చూసి తెప్పించుకుంటున్నారు చూడండి, అది మాత్రం ఆశ్చర్యమే. ఆ అమ్మాయి చెప్పులు మీ అమ్మాయికి సరిపోతాయా?

గ్రిప్‌లో చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. చూపుడువేలు ట్రిగ్గర్ మీద మొదటి కణుపు మెత్తటి భాగంతో ఆనాలి. ఆ వేలు పక్కన చెక్కను తాకకూడదు. తాకితే నొక్కినప్పుడు పిస్టల్ పక్కకు తోసుకుపోతుంది. అరచేతి కింది మెట్టును మరీ బిగించొద్దు. చెయ్యి ఉక్కిరిబిక్కిరయితే వణుకు పెరుగుతుంది. చిన్నాచితకా తేడాలుంటే చెక్క పుట్టీ నింపి, గరుకు కాగితంతో రుద్ది సరిచేసుకుంటారు. కొత్త లక్షన్నర పిస్టల్ గ్రిప్‌ని కోచ్ ఆకురాయితో అరగదీస్తుంటే అమ్మానాన్నల ప్రాణం ఉసూరుమంటుంది. కంగారొద్దు, అది మామూలే. గ్రిప్ ఒక్కటే విడిగానూ కొనుక్కోవచ్చు. పన్నెండేళ్ల పిల్లకు చిన్న సైజు తీసుకుని, చెయ్యి ఎదిగాక గ్రిప్ మారిస్తే చాలు. పిస్టల్ మార్చక్కర్లేదు.

బరువు సంగతీ అంతే. నిబంధనల ప్రకారం పిస్టల్ 1500 గ్రాములు దాటకూడదు. మామూలుగా కంపెనీవి కిలోకి అటూఇటూ ఉంటాయి. సన్నటి చేతులున్న పిల్లలకు అదీ బరువే. బరువు కన్నా అది ఎక్కడుందన్నది ముఖ్యం. ముందువైపు ఎక్కువుంటే పిస్టల్ నిలకడగా ఉంటుంది గానీ భుజం లాగేస్తుంది. అందుకే కంపెనీలు గొట్టం పొట్టిగా ఉండే మోడళ్లనూ చేస్తున్నాయి. మోరినిలో ‘షార్ట్’, స్టెయర్‌లో ‘కాంపాక్ట్’ అలాంటివే. పిల్లలు మొదట వాటితో మొదలుపెట్టి, కండ బలపడ్డాక ముందువైపు చిన్న చిన్న బరువులు తగిలించుకుంటారు. పెద్దయ్యాక ఎలాగూ పనికొస్తుందని బరువైన పెద్ద మోడలే కొనడం మాత్రం... ఎదుగుతాడు కదాని రెండు సైజులు పెద్ద యూనిఫాం కుట్టించడం లాంటిది. ఈలోగా పిల్లాడు పడే పాట్లు ఎవరు చూస్తారు?

అర కిలో ట్రిగ్గర్

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల ఒత్తిడి పడితేనే పేలాలి. పోటీకి ముందు గొట్టాన్ని నిట్టనిలువుగా పెట్టి, ట్రిగ్గర్‌కు అర కిలో తూకపు రాయి తగిలించి పైకి లేపిస్తారు. రాయి లేచినా ట్రిగ్గర్ పడకూడదు. పోటీ అయ్యాక కూడా కొందరి పిస్టళ్లు తీసి తూస్తారు. అప్పుడు తేలిగ్గా పడిందో, కొట్టిన పాయింట్లన్నీ గంగలో కలిసినట్టే. అందుకే తెలివైనవాళ్లు సరిగ్గా 500 దగ్గర కాకుండా ఓ పదీ ఇరవై గ్రాములు ఎక్కువే పెట్టుకుంటారు. తూకంతో పాటు పెట్టె కొలత కూడా ఉంది. 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పున్న పెట్టెలో పిస్టల్ మొత్తం పట్టాలి. కంపెనీవి ఎలాగూ పడతాయి. చెక్కలూ బరువులూ తగిలించుకున్నాకే కొందరివి ఇరుక్కుంటాయి.

ట్రిగ్గర్ రెండు రకాలు. మెకానికల్, ఎలక్ట్రానిక్. మొదటిదాంట్లో ఉక్కు ముక్క ఉక్కు ముక్కమీంచి జారితే పేలుతుంది. రెండోదాంట్లో బ్యాటరీ, చిన్న సర్క్యూట్ ఆ పని చేస్తాయి. ఎలక్ట్రానిక్‌తో ప్రతి షాటూ ఒకేలా తెగుతుంది. ఇంకో సుఖం కూడా ఉంది. ఇంట్లో పెల్లెట్ లేకుండా సాధన చేసేటప్పుడు కొన్ని మోడళ్లలో ప్రతిసారీ లివర్ లాగక్కర్లేదు. నొక్కితే చాలు, టిక్కుమంటుంది. మెకానికల్‌లో ఏదైనా తేడా వస్తే మాత్రం రేంజ్‌లో ఉన్న అనుభవజ్ఞుడైన కోచ్ స్క్రూడ్రైవర్‌తో సరిచేయగలడు. సర్క్యూట్ పోతే కొత్తది పెట్టాల్సిందే. అది మన ఊళ్లో దొరకాలి.

ఇది ఉత్తి భయం కాదు. 2021 జులై 25న టోక్యో ఒలింపిక్స్‌లో మను బాకర్ పది మీటర్ల పోటీలో బాగా కొడుతూ ఉంది. మధ్యలో పిస్టల్ మొరాయించింది. రేంజ్ వదిలి వెళ్లి బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు ఆవిరైపోయాయి. మిగతా షాట్లను ఉరుకులు పరుగుల మీద కొట్టింది. అయినా 575 చేసింది. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారి పన్నెండో స్థానంతో సరిపెట్టుకుంది. పంతొమ్మిదేళ్ల పిల్ల కెమెరాల ముందు కన్నీళ్లు ఆపుకోలేకపోయింది. మూడేళ్ల తరవాత అదే పోటీలో కాంస్యం, రెండ్రోజులకే మిక్స్‌డ్‌లో మరోటి గెలిచిందన్నది అందరికీ తెలిసిందే.

కంపెనీని తప్పుపట్టడానికి కాదు ఇది చెప్పడం. యంత్రమన్నాక ఎప్పుడో ఓసారి మొరాయిస్తుంది. అది ఎవరిదైనా కావచ్చు. అప్పుడు బాగుచేసే మనిషీ, విడిభాగాలూ ఎంత దూరంలో ఉన్నాయన్నదే ప్రశ్న. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఫర్వాలేదు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చే పిల్లలకు ఇది పెద్ద విషయం. మీరు సాధన చేసే రేంజ్‌లో ఎక్కువమంది ఏది వాడుతున్నారో చూసి అదే కొనడం కాస్త పిరికితనంలా అనిపించొచ్చు గానీ, నా మటుకు నాకు అదే మంచి సలహా. సీలు పోయినా, స్క్రూ పోయినా అడగ్గానే ఇచ్చేవాళ్లు పక్కనే ఉంటారు.

సిలిండర్ మీద పుట్టినరోజు

కొత్తది కొనలేక పాతది చూసుకునేవాళ్లు చాలామందే ఉంటారు. తప్పేమీ లేదు. పోటీ పిస్టల్ గొట్టం గాలితో, మెత్తటి సీసపు పెల్లెట్లతోనే పనిచేస్తుంది కాబట్టి అంత తేలిగ్గా అరిగిపోదు. జాగ్రత్తగా వాడినది ఏళ్ల తరబడి కొత్తదానిలాగే కొడుతుంది. ఆటకు స్వస్తి చెప్పి, పై చదువులకు వెళ్లిపోయిన పిల్లల పిస్టళ్లు చాలా ఇళ్లలో బీరువాల్లో నిద్రపోతుంటాయి.

పాతదాంట్లో మొదట చూడాల్సింది సిలిండర్. దానిమీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం కంపెనీ చెప్పిన గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి రాకూడదు. ఆ గడువు ఎంత ఉన్నా పదేళ్లకు మించకూడదు. ‘పిస్టల్ కొత్తదానిలా ఉందండీ, ఎనభై వేలకే ఇచ్చేస్తున్నా’ అంటే సంబరపడి తెచ్చుకున్నాక సిలిండర్ తిప్పి చూస్తే పన్నెండేళ్ల కిందటి తేదీ ఉందనుకోండి. రెండు సిలిండర్లు కొత్తవి కొనాలి. అవి కూడా ఆ మోడల్‌వి ఇంకా దొరుకుతుంటేనే. 200 బార్ల ఒత్తిడి ఉన్న లోహపు గొట్టాన్ని ముఖం పక్కన పెట్టుకుంటున్నాం మరి, ఈ నియమం ఊరికే పెట్టలేదు.

తరవాత గాలి సంగతి. రేంజ్‌లో కంప్రెసర్ ఉంటే సరే. లేకపోతే ఇంట్లో చేతి పంపుతో కొట్టుకోవాలి. 200 బార్లకు నింపాలంటే పంపు మీద ఒళ్లంతా వేయాలి. ఇంట్లో నాన్నకు మంచి వ్యాయామం! తడిగాలి లోపలికి పోతే తుప్పు పడుతుంది కాబట్టి మంచి పంపే కొనాలి. ఈ ఖర్చు చాలామంది ముందుగా లెక్క వేసుకోరు. పెల్లెట్లూ అంతే. ముక్కు చదునుగా ఉన్న 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లు కాగితంలో గుండ్రంగా చక్కటి రంధ్రం చేస్తాయి. రోజుకు అరవై కొట్టే పిల్లకు అయిదొందల డబ్బా పది రోజులు కూడా రాదు. పిస్టల్ ధర ఒక్కసారి, పెల్లెట్ల ధర ప్రతి నెలా.

ఇరవై అయిదు మీటర్ల సంగతి వేరు

ఎయిర్ పిస్టల్‌కు మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ల శక్తి దాటని 4.5 మిల్లీమీటర్ల ఎయిర్‌గన్‌లకు మినహాయింపు ఉంది. పోటీ పిస్టల్ శక్తి దాంట్లో సగం కూడా ఉండదు. బిల్లూ, గుర్తింపు పత్రాలూ దగ్గరుంచుకుంటే చాలు.

ఇరవై అయిదు మీటర్ల పిస్టల్ అలా కాదు. అది నిజమైన తూటా పేల్చే .22 ఆయుధం. బరువు 1400 గ్రాములు మించకూడదు, ట్రిగ్గర్ మాత్రం కిలో. మహిళల పోటీలో ముప్ఫై షాట్లు నిదానంగా, ముప్ఫై షాట్లు వేగంగా. ఆ రెండో భాగంలో లక్ష్యం మూడంటే మూడు సెకన్లు కనిపిస్తుంది, ఆలోగా కిందున్న చేయి ఎత్తి కొట్టాలి. 2012 లండన్‌లో విజయ్‌కుమార్ వెండి తెచ్చిన ర్యాపిడ్ ఫైర్ కూడా ఈ దూరంలోదే. పిస్టల్ ఎగిరిపడకుండా వెంటనే గురిమీదికి రావాలి కాబట్టి ఇక్కడ ఎంపిక ఇంకా సున్నితం. పార్డిని ‘ఎస్‌పి’ని ఈ వరసల్లో ఎక్కువగా చూస్తాం. లైసెన్సు, షూటింగ్ సంఘం పత్రాలు, దిగుమతి అనుమతులు... అవన్నీ దాటాలంటే ముందు పోటీల్లో మంచి స్కోర్లు చేతిలో ఉండాలి. కాబట్టి కొత్తగా మొదలుపెట్టే ఇంట్లో దీని గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మరి కొనాల్సిందెప్పుడు?

ఈషా సింగ్ 2018 జాతీయ పోటీల్లో పదమూడేళ్లకే సీనియర్ విభాగంలో మను బాకర్, హీనా సిద్ధూ లాంటి పెద్దవాళ్లను దాటి బంగారం గెలిచింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. తొమ్మిదేళ్ల వయసులో గచ్చిబౌలిలో షూటింగ్ చూసి ముచ్చటపడ్డ పిల్ల. కారు రేసుల్లో పాల్గొనే నాన్న ఇంట్లోనే కాగితపు లక్ష్యాలతో చిన్న రేంజ్ అమర్చిపెట్టాడు. పిల్ల ఎదురుగా గురిపెట్టి నిలబడే చోటు చూశాడన్నమాట. ఇలాంటి కథల్లో తుపాకీ పేరు కన్నా ఆ గోడ, ఆ కాగితం, ఆ రోజువారీ గంటలే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తాయి.

చాలా అకాడమీల్లో, క్లబ్బుల్లో మొదట్లో వాళ్ల పిస్టళ్లే ఇస్తారు. కనీసం అయిదారు నెలలు వాటితోనే కానివ్వండి. రెండు మూడు కంపెనీలవి మార్చి మార్చి పట్టనివ్వండి. ఆరు నెలల తరవాత కూడా పొద్దున్నే లేచి రేంజ్‌కి బయల్దేరుతుంటే, స్కోరు మెల్లగా ఎక్కుతుంటే, అప్పుడు పర్సు తీయొచ్చు. ఈలోగా డబ్బు ఊరికే ఉండక్కర్లేదు. మంచి బూట్లు, చెవులకు రక్షణ, ఒకటి రెండు పోటీల ప్రవేశ రుసుములు... వీటికి పెట్టండి. రాష్ట్రస్థాయి పోటీలో ఓసారి నిలబడి వస్తే పిల్లకు ఆట మీద ఉన్నది ప్రేమో, సరదానో వాళ్లకే తెలుస్తుంది.

కన్ను సంగతీ ఈ నెలల్లోనే తేలిపోవాలి. చేతివాటం కుడిదైనా చాలామందికి బలమైన కన్ను ఎడమది ఉంటుంది. రెండు అరచేతులతో చిన్న కిటికీలా చేసి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి చూస్తూ ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం కిటికీలోనే ఉంటుందో బలమైనది అదే. తేడా ఉంటే కంగారేమీ లేదు, కోచ్‌కి చెబితే నిలబడే తీరూ, సైటూ దానికి తగ్గట్టు మారుస్తారు. కొన్నాక తెలిస్తేనే ఇబ్బంది.

సరే, కొన్నారు. ఇంటికి వచ్చింది. కంపెనీ పరీక్ష కాగితం దాచుకోండి. సైటు, ట్రిగ్గర్ ఎలా ఉన్నాయో ఓ నోటు పుస్తకంలో రాసుకుని, కోచ్ పక్కన లేకుండా ఒక్క స్క్రూ కూడా తిప్పకండి. గొట్టంలోంచి బయటికి కనిపించేలా నారింజ రంగు రక్షణ తీగ పెట్టే ఉంచాలి. రేంజ్‌లో అది నియమం, ఇంట్లో అంతకన్నా ఎక్కువ. పెల్లెట్ల డబ్బా ఒక గదిలో, పిస్టల్ పెట్టె తాళంతో ఇంకో గదిలో. తమ్ముళ్లు, చెల్లెళ్లు, సెలవులకొచ్చిన పిన్నిగారి పిల్లలు ఉంటే మరీను.

ఇక మిగిలింది రోజూ పెల్లెట్ లేని సాధన. ఖాళీ గోడకు ఎదురుగా నిలబడి చేయెత్తడం, పలకను గాడిలో నిలపడం, నెమ్మదిగా నొక్కడం. రోజుకు అరగంట. హాల్లో సీరియల్ నడుస్తూ ఉంటుంది, వంటింట్లో తాలింపు వేస్తుంటారు, లోపలి గదిలోంచి మాత్రం ఆగి ఆగి ఒకటే శబ్దం వినిపిస్తుంది. టిక్... టిక్... టిక్.